చలికాలం బావి నీళ్ళ వేడి కూడా భూతాప శక్తేనా? క్లాసులో పిల్లాడికి జవాబు చెప్పలేకపోయా

సైన్స్ టీచరమ్మ:
అందరికీ నమస్తే అండి. నేను భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. మొన్న శక్తి వనరుల పాఠంలో బోర్డు మీద "భూమి లోపల ఉన్న వేడి నుంచి వచ్చే శక్తిని భూతాప శక్తి అంటారు" అని రాశా. ఇన్నేళ్ళుగా అదే రాస్తున్నా, పిల్లలు అదే నోట్సులో ఎక్కించుకుంటారు, పరీక్షలో రెండు మార్కులు వేస్తాం, అక్కడితో అయిపోతుంది. ఈసారి వెనక బెంచీలోంచి ఒక పిల్లాడు లేచి "మేడం, మా ఇంటి బావిలో ఇప్పుడు పొద్దున్నే నీళ్ళు చేదితే బకెట్లోంచి పొగలొస్తయి, గోరువెచ్చగ ఉంటయి, మా నాయనమ్మ కాగబెట్టకుండనే పోసుకుంటది, అది గూడ భూతాప శక్తేనా" అని అడిగాడు.

కాదు అందామని నోరు తెరిచి ఆగిపోయా. ఎందుకు కాదు? నేను రాసిన వాక్యం ప్రకారం చూస్తే అవుతుంది. నీళ్ళు భూమి లోపలే ఉన్నాయి, వేడిగా ఉన్నాయి, ఆ వేడి వాళ్ళ నాయనమ్మకి పనికొస్తోంది, పొయ్యిలో కట్టెలు మిగులుతున్నాయి. అంతలో ఇంకో పిల్ల లేచి "మరి ఎండాకాలం అవే నీళ్ళు సల్లగుంటయి గద మేడం, అప్పుడు భూమి వేడి ఎటువోయింది" అంది. రేపు చెప్తానమ్మా అని కూర్చోబెట్టా.

ఇంటికొచ్చి చూస్తే ఒక్కోచోట ఒక్కోలా ఉంది. ఒకచోట అగ్నిపర్వతాలు, వేడినీటి బుగ్గలు అంటారు, ఒకచోట రాళ్ళలో రేడియోధార్మికత వల్ల పుట్టే వేడి అంటారు, ఇంకోచోట మామూలు నేలలో రెండు మీటర్ల లోతున పైపులు పరిచి ఏసీ లాంటి మిషన్‌కి తగిలిస్తే అదీ జియోథర్మలే అంటారు. మాకు దగ్గర్లోనే మణుగూరు పక్కన పగిడేరులో సింగరేణి వాళ్ళు వేడినీళ్ళ బోరు మీద 20 కిలోవాట్ల పైలట్ ప్లాంట్ పెట్టారు, దాన్ని భూతాప శక్తి కాదని ఎవరూ అనరు. ఆ బోరుకీ మా పిల్లాడి బావికీ మధ్య గీత ఎక్కడ గియ్యాలి? లోతు చూడాలా, ఎన్ని డిగ్రీలో చూడాలా, ఆ వేడి ఎక్కడ పుట్టిందో చూడాలా? తొమ్మిదో తరగతి పిల్లలకి అర్థమయ్యేలా, అబద్ధం కాకుండా ఒక్క వాక్యం కావాలి నాకు. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

గ్రూప్స్ కుర్రాడు:
ఇందులో అంత కన్ఫ్యూజన్ ఏముంది మేడం. భూమి మధ్యలో 5000 డిగ్రీల పైన ఉంటది, ఆ వేడి పైకి వస్తది, అదే జియోథర్మల్. బావి నీళ్ళు వేరు, అది ఎండ వేడి. మా మెటీరియల్‌లో ఇంతే ఉంది, పిల్లలకి ఇది చాలు.

పాత రిగ్గు మనిషి:
తమ్ముడూ, అంత తేలిగ్గా తేలే విషయం కాదు ఇది. మేడం గారూ, మీ పిల్లాడు అడిగింది చాలా గట్టి ప్రశ్న, వాణ్ణి మెచ్చుకోండి ముందు.

నేను గోదావరి లోయలో బొగ్గు అన్వేషణ రిగ్గుల మీద ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యా. డిసెంబర్ రాత్రి షిఫ్టుల్లో బోరులోంచి తిరిగొచ్చే నీళ్ళ కాలువలో చేతులు పెట్టుకుని వెచ్చబరుచుకునేవాళ్ళం. బోరు మొదలుపెట్టిన రోజుల్లో ఆ నీళ్ళు చల్లగానే ఉండేవి, లోతు పెరిగేకొద్దీ వారం వారం వెచ్చబడేవి. కిలోమీటరు దిగితే సగటున 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుంది, కొన్ని రాళ్ళలో ఇంకా తక్కువ, కొన్నిచోట్ల చాలా ఎక్కువ. ఇది ఎక్కడ తవ్వినా ఉంటుంది, మీ స్కూలు గ్రౌండు కింద కూడా ఉంది. అందుకే గీత ఎక్కడ అని అడిగితే నాకు కష్టం, కింద గీత లేదు, వాలు ఉంది. బావిలో 27 డిగ్రీలు ఉంటే, వెయ్యి అడుగుల బోరులో రాయిని బట్టి ఇంకో నాలుగు నుంచి ఎనిమిది డిగ్రీలు ఎక్కువ ఉంటుంది, ఇంకా కిందికి పోతే ఇంకా ఎక్కువ. ఏ అడుగు దగ్గర ఆగి ఇక్కణ్ణించి జియోథర్మల్ అందాం?

ఇక భూమి మధ్యలో వేడి అన్నారు కదా, ఆ వేడి మొత్తం మధ్యలోంచి వచ్చింది కాదు. భూమి పుట్టినప్పటి వేడి కొంత మిగిలి ఉంది, దాదాపు సగం దాకా మాత్రం యురేనియం, థోరియం, పొటాషియం 40 లాంటివి విచ్ఛిన్నమవుతూ పుట్టిస్తున్న వేడి. అవి మన కాళ్ళ కింద గ్రానైట్‌లో కూడా ఉన్నాయి. భూమి మొత్తం మీద బయటికి పోయే వేడి 47 టెరావాట్లు, అంటే 47 లక్షల కోట్ల వాట్లు. వినడానికి చాలా పెద్దది, కానీ నేలంతా పరిస్తే చదరపు మీటరుకి వాటులో పదో వంతు కూడా రాదు.

మా మేనమామ కోలార్ బంగారు గనుల్లో చేసేవాడు, మా చిత్తూరు వైపు నుంచి చాలామంది పోయేవాళ్ళు అక్కడికి. మూడు కిలోమీటర్ల పైన లోతు, అక్కడ రాయి 65 డిగ్రీల దాకా ఉంటుంది. మనిషి బతకడానికి పైనుంచి చల్లగాలి ప్లాంట్లు పెట్టి తోలేవాళ్ళు. ఆ గనులు 2001లో మూతపడే దాకా ఆ వేడిని చల్లార్చడానికి కరెంటు ఖర్చుపెట్టారే గానీ దాన్ని శక్తి అని ఒక్కరూ అనలేదు. అదే 65 డిగ్రీల నీళ్ళు దానంతట అది పైకి వస్తే ప్లాంట్ పెడతారు. అంటే వేడి ఉండటం ఒకటి, అది మన చేతికి రావడం ఇంకోటి. మోసుకొచ్చేది నీళ్ళు. ఆ నీళ్ళు కూడా భూమి పుట్టించినవి కావు, ఎప్పుడో కురిసిన వానే పగుళ్ళలోంచి లోతుకి దిగి వేడెక్కి ఇంకో పగులు దొరికితే పైకి తన్నుకొస్తుంది. గోదావరి లోయలో అగ్నిపర్వతం లేదు, పెద్ద పెద్ద పగుళ్ళు ఉన్నాయి. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున ఇసుక తోడితే వేడినీళ్ళు ఊరేది అందుకే, మీ పిల్లలు చూసే ఉంటారు.

సైన్స్ టీచరమ్మ:
చాలా థాంక్స్ అండి, గుండాల మా పిల్లల్లో సగం మంది చూశారు, కార్తీక మాసంలో పోతారు. గీత లేదు వాలు ఉంది అన్నది బాగా నచ్చింది, కానీ సార్, వాలు అని చెప్తే మళ్ళీ బావి కూడా ఆ వాలులో మొదటి మెట్టే అవుతుంది కదా. అప్పుడు పిల్లాడిదే కరెక్ట్ అనాలి.

గోథెన్‌బర్గ్ తెలుగు:
మేడం గారూ నమస్తే, స్వీడన్ నుంచి రాస్తున్నా, మాది నల్గొండ. మీ పిల్లాడు కరెక్టో కాదో గానీ వాడు అడిగిన దాని మీదే మా ఇల్లు నడుస్తోంది కాబట్టి చెప్తా.

మేం ఇల్లు కొన్నప్పుడు పేపర్లలో హీటింగ్ అన్న చోట "బెర్గ్‌వర్మె" అని ఉంది, అంటే రాతి వేడి. ఇంటి పక్కన గడ్డిలో ఒక చిన్న ఇనుప మూత, దాని కింద 180 మీటర్ల బోరు. నీళ్ళ కోసం కాదు. ఆల్కహాల్ కలిపిన నీళ్ళు ఒక ప్లాస్టిక్ పైపులో కిందికి పోయి మళ్ళీ పైకి వస్తాయి. జనవరిలో మిషన్ మీద చూస్తే కిందికి పోయేటప్పుడు సున్నాకి ఒక డిగ్రీ తక్కువ, పైకి వచ్చేటప్పుడు 2 డిగ్రీలు. మొదటిసారి ఆ పైపు పట్టుకుని చూసి నేను నమ్మలేదు, ఫ్రిజ్‌లో సీసా పట్టుకున్నట్టు ఉంది, దాంతో ఇల్లు ఎలా వెచ్చబడుతుంది అని. కానీ ఆ మూడు డిగ్రీల తేడాలోంచే హీట్ పంపు వేడి పిండుకుని నేల కింద పైపులకి 35, 40 డిగ్రీల నీళ్ళు ఇస్తుంది. ఒక యూనిట్ కరెంటు తింటే మూడు యూనిట్ల పైన వేడి వస్తుంది. ఇక్కడ దీన్ని అందరూ జియోథర్మల్ అనే అంటారు. అంటే మీ పిల్లాడి బావి నీళ్ళు 27 డిగ్రీలు అయితే మావి 2 డిగ్రీలు, అయినా మాది లెక్కలోకి వచ్చింది.

ఇప్పుడు అసలు లెక్క. మా స్థలం 500 చదరపు మీటర్లు, మన లెక్కలో 600 గజాలు. పైన సార్ చెప్పినట్టు భూమి లోపలి నుంచి చదరపు మీటరుకి దాదాపు 0.06 వాట్లు వస్తుంది అనుకుంటే, మొత్తం స్థలానికి 30 వాట్లు. పాత ట్యూబ్‌లైట్ కూడా వెలగదు. మా ఇంటికి చలిలో ఆరేడు వేల వాట్లు కావాలి. మరి మిగతాది ఎక్కణ్ణించి వస్తోంది? చుట్టూ ఉన్న రాయి ఇన్నేళ్ళుగా దాచుకున్న వేడి, దాన్ని మేం చలికాలమంతా గుంజుకుంటాం, అది మళ్ళీ చుట్టుపక్కల నుంచీ పైనుంచీ నిండుతుంది. పైనుంచి అంటే చివరికి ఎండే. అందుకే ఇక్కడ పక్కింటి బోరుకి కనీసం 20 మీటర్ల దూరం ఉండాలంటారు, దగ్గరైతే ఒకరి వేడి ఒకరు లాగేసుకుంటారు.

మరి ఎండ వేడిని భూమి వేడి అని ఎలా అంటున్నారు అంటే యూరోపియన్ యూనియన్ 2009లో తెచ్చిన పునరుత్పాదక శక్తి డైరెక్టివ్‌లో నిర్వచనం చూడండి, ఘనమైన భూమి ఉపరితలం కింద వేడి రూపంలో నిల్వ ఉన్న శక్తి, అంతే. ఆ వేడి అక్కడికి ఎవరు తెచ్చి పెట్టారు అని అది అడగదు. గాలిలో ఉన్న వేడికి, చెరువులూ నదుల్లో ఉన్న వేడికి మాత్రం అప్పుడు వేరే పేర్లు పెట్టారు. ఆ లెక్కన చూస్తే మీ నాయనమ్మగారి బావి పాసే.

గ్రూప్స్ కుర్రాడు:
అన్నా ఇది నాకు తెలీదు నిజంగా. 30 వాట్ల లెక్క చూశాక నేను పెట్టిన ఆన్సర్ తప్పని అర్థమైంది, కనీసం సగం తప్పు. మరి ఇదంతా చట్టంలో తేల్చుకుంటే సరిపోద్ది కదా, ఇన్ని డిగ్రీల పైన ఉంటేనే అని ఒక నంబర్ పెట్టేస్తే?

బే ఏరియా పద్దులు:
నంబర్ పెట్టినవాళ్ళు ఉన్నారు బ్రదర్, అందుకే రాస్తున్నా. నేను కాలిఫోర్నియాలో ట్యాక్స్ ఫైలింగ్ పని చేస్తాను, ఇక్కడికి ఉత్తరాన గీజర్స్ అని పెద్ద ఆవిరి క్షేత్రం ఉంది, 1960 నుంచి కరెంటు తీస్తున్నారు, దాని మీద జరిగిన కేసులు మా ఫీల్డులో పాఠాల్లా చెప్తారు.

ముందు నంబర్ల సంగతి. న్యూజీలాండ్ 1953 చట్టంలో 70 డిగ్రీలు దాటని నీళ్ళని లెక్కలోంచి తీసేశారు, అదే దేశం 1991 చట్టంలో 30 డిగ్రీలు ఉంటే చాలు జియోథర్మల్ నీళ్ళే అంది. భూమి మారలేదు, నంబర్ మారింది. జపాన్ 1948 వేడినీటి బుగ్గల చట్టంలో 25 డిగ్రీలు, అంతకంటే చల్లగా ఉన్నా చెప్పిన లవణాల్లో ఏదో ఒకటి సరిపడా ఉంటే అదీ ఒన్సెనే, అంటే వేడినీటి బుగ్గ కిందే లెక్క. అమెరికాలో ఐడహో రాష్ట్రం బావి అడుగున 212 ఫారెన్‌హీట్, అంటే మన 100 డిగ్రీలు ఉంటేనే జియోథర్మల్ వనరు అంటుంది, 85 ఫారెన్‌హీట్ నుంచి అక్కడిదాకా ఉంటే తక్కువ వేడి వనరు అని ఇంకో ఖానా. సైంటిస్టులు ఏకాభిప్రాయంతో ఉన్నారా అంటే అదీ లేదు, తక్కువ వేడి క్షేత్రం అంటే ఒకరు 90 డిగ్రీల లోపు అంటారు, ఒకరు 125, ఒకరు 150.

ఇంతకంటే పెద్ద గొడవ అది ఏ వస్తువు అన్నది. నీళ్ళా, ఖనిజమా, గ్యాసా? మీకు తమాషాగా అనిపించొచ్చు కానీ దీని మీద కోట్ల డాలర్ల భూములు ఆధారపడి ఉన్నాయి. అమెరికాలో 1916 చట్టం కింద పశువులు మేపుకునే రైతులకి 640 ఎకరాల దాకా భూములు ఇచ్చారు, కింద ఉన్న బొగ్గూ ఇతర ఖనిజాలూ మాత్రం ప్రభుత్వానివే అని రాసుకున్నారు. తర్వాత ఆ భూముల కింద ఆవిరి దొరికింది. పైన నేల ఉన్నవాడిదా, ప్రభుత్వానిదా? 1977లో అప్పీల్ కోర్టు అది ఖనిజాల్లోకే వస్తుంది, ప్రభుత్వానిదే అంది. దానికి అయిదేళ్ళ ముందే 1972లో అదే కోర్టు ట్యాక్స్ కేసులో గీజర్స్ ఆవిరి గ్యాసు కిందికి వస్తుంది, తీసేకొద్దీ తరిగిపోయేది కాబట్టి చమురు బావులకి ఇచ్చే మినహాయింపు దీనికీ ఇవ్వాలి అంది. ఐడహో చట్టమేమో ఇది నీళ్ళూ కాదు ఖనిజమూ కాదు, దీనిది ప్రత్యేకమైన జాతి అని రాసుకుంది. జర్మనీ గనుల చట్టంలో నేల వేడి ఖనిజం కిందే లెక్క. వేడి అనేది చేత్తో పట్టుకునే వస్తువు కాదు కదా, అది ఎప్పుడూ ఇంకోదాంట్లో ఉంటుంది, రాయిలోనో నీళ్ళలోనో ఆవిరిలోనో. చట్టం దేన్ని చూస్తే దాని పేరు పెట్టేస్తుంది.

తరిగిపోతుందా లేదా అన్నది కూడా వట్టి మాటల గొడవ కాదండి. గీజర్స్‌లో 1980ల చివరికి వచ్చేసరికి ఆవిరి ఒత్తిడి పడిపోయింది, నిండేదానికంటే ఎక్కువ తోడేశారు. 1997లో ఒక కౌంటీ నుంచి, 2003 నుంచి శాంటా రోజా ఊరి నుంచి శుద్ధి చేసిన మురుగునీళ్ళు పైపుల్లో తెచ్చి కింద వేడి రాళ్ళలోకి పంపిస్తున్నారు, ఆవిరి మళ్ళీ వస్తోంది. కింద వేడి ఉంది, నీళ్ళు అయిపోయాయి, అంతే. పునరుత్పాదకమా అని అడిగితే నేనైతే తోడే వేగాన్ని బట్టి అంటాను.

అనువాదాల బల్ల:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, కానీ మన తెలుగులో అసలు మాట దగ్గరే చిక్కు ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పేపర్లలో ఇన్నేళ్ళుగా భూతాపం అంటే గ్లోబల్ వార్మింగ్. భూతాపం పెరుగుతోంది, మంచు కరుగుతోంది అని రోజూ చదువుతాం. పాఠ్యపుస్తకంలో భూతాప శక్తి అంటే పూర్తిగా వేరే సంగతి. ఒకటి ఆకాశంలో గాలి వల్ల, ఇంకోటి నేల కింద రాయి వల్ల. నేను అనువాదాలు చేసే చోట ఒకసారి "భూతాపాన్ని వాడుకుని కరెంటు తీస్తారు" అని వాక్యం వెళ్తే పాఠకులు ఫోన్ చేసి వాతావరణ మార్పుని వాడుకుని కరెంటు ఎలా తీస్తారండి అని అడిగారు, వాళ్ళ తప్పేం లేదు. అప్పట్నుంచీ నేను భూగర్భ ఉష్ణశక్తి అని రాస్తున్నా. గర్భం అన్న మాట ఉంటే లోపలిది అని చెవికి తెలుస్తుంది. పల్లెల్లో బుగ్గ, గుండం అన్న మాటలు ఎలాగూ ఉన్నాయి, గుండాల ఊరి పేరే సాక్ష్యం. పిల్లలకి ఆ మాటలతో మొదలుపెడితే బాగుంటుందని నా అభిప్రాయం.

సైన్స్ టీచరమ్మ:
అనువాదాల బల్ల గారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజం. పోయినసారి యూనిట్ టెస్టులో ఒక అమ్మాయి భూతాప శక్తి వల్ల సముద్ర మట్టం పెరుగుతుంది అని రాస్తే సున్నా వేశా. ఇప్పుడు తల్చుకుంటే బాధగా ఉంది, ఆ పిల్ల రోజూ పేపర్ చదువుతుంది, అందుకే అలా రాసింది. రేపు పిలిచి మాట్లాడతా.

పవర్ సైడ్ ఇంజినీర్:
నిర్వచనం ఎందుకంత ముఖ్యమో ఒక్క అంకె చెప్తా. కరెంటు కాకుండా నేరుగా వేడిగా వాడుకునే జియోథర్మల్ ప్రపంచం మొత్తం మీద 2019 చివరికి దాదాపు 1,07,700 మెగావాట్లు అని లెక్క తేల్చారు. అందులో 70 శాతం పైన ఒక్క హీట్ పంపులే, అంటే గోథెన్‌బర్గ్ అన్న ఇంటి లాంటివి. ఆ ఇళ్ళ కింద వేడి చాలావరకు ఎండది కాబట్టి లెక్కలోకి రాదు అని ఎవరైనా అంటే ఒక్క దెబ్బకి మూడొంతుల దగ్గర దాకా ఎగిరిపోతుంది. సబ్సిడీలు, టార్గెట్లు అన్నీ ఈ అంకెల మీదే నడుస్తాయి. మన దేశంలో 2025 సెప్టెంబర్‌లో వచ్చిన జాతీయ జియోథర్మల్ పాలసీలో కూడా ఈ హీట్ పంపుల్ని కలుపుకున్నారు. మనకైతే అవి ఇల్లు వెచ్చబరచడానికి కాదు, చల్లబరచడానికి, బయట 44 ఉన్నప్పుడు నేలలో 28 ఉంటుంది కదా, ఏసీ వేడిని గాలిలోకి కాకుండా నేలలోకి తోసేస్తే కరెంటు తక్కువ తింటుంది. అప్పుడు మనం భూమిలోంచి వేడి తీసుకోవట్లేదు, భూమికి వేడి ఇస్తున్నాం. దాన్నీ జియోథర్మల్ అనే అంటారు. నాకు ఇక్కడే ఆ మాట మరీ సాగినట్టు అనిపిస్తుంది.

ఇంకోటి, నెదర్లాండ్స్‌లో హేర్లెన్ అని పాత బొగ్గు గనుల ఊరు, మూసేసిన గనుల్లో నిండిన నీళ్ళ వేడితో 2008 నుంచి బిల్డింగులు వెచ్చబరుస్తున్నారు. గోతులు మనిషి తవ్వినవి, నీళ్ళు తర్వాత చేరినవి, వేడి మాత్రం రాయిది. సింగరేణిలో చేసిన సార్ ఏమంటారో వినాలని ఉంది.

పాత రిగ్గు మనిషి:
హేర్లెన్ సంగతి బాగుంది బాబూ, వేడి రాయిది కాబట్టి నా లెక్కలో అది భూమి వేడే, గొయ్యి ఎవరు తవ్వారన్నది నాకు అనవసరం.

మేడం గారూ, రెండు రోజులుగా ఇదే ఆలోచిస్తున్నా. న్యూజీలాండ్ వాళ్ళ 30 డిగ్రీలు మనకి పనికిరాదు, ఎందుకో చెప్తా. వాళ్ళది చల్లటి దేశం, మామూలు బావి నీళ్ళు 15 డిగ్రీలకి అటూ ఇటూ ఉంటాయి, అక్కడ 30 ఉందంటే కింద ఏదో ఉన్నట్టే. మనకి మామూలు బావే 27, 28, ఇంకో రెండు డిగ్రీలకి వంద మీటర్లు దిగితే చాలు. కాబట్టి డిగ్రీలు కాదు, తేడా చూడాలి. పది పదిహేను మీటర్ల కింద నేల ఏడాది పొడుగునా ఒకే వేడి మీద ఉంటుంది, ఎండాకాలం చలికాలం దానికి తెలీదు, ఆ వేడి మన ఊరి ఏడాది సగటుకి అటూ ఇటుగా ఉంటుంది. అది ఎండ పెట్టిన లెక్క. మీ పిల్లాడి బావి ఆ లెక్క దగ్గర ఉంటే అది నేల దాచిన ఎండ. పగిడేరు బోరు, గుండాల ఇసుక నీళ్ళు ఆ సగటుని దాటి ఎంతో పైన ఉన్నాయి, ఆ పైన ఉన్నదంతా లోపలి నుంచి వచ్చింది. మీకు కావలసిన గీత ఊరి సగటు. ఒక్కో ఊరికి ఒక్కోచోట ఉంటుంది. ఇది పిల్లలు థర్మామీటరుతో కొలవగలరు.

గోథెన్‌బర్గ్ తెలుగు:
సార్ ఇది సూపర్. మా ఊరి సగటు ఎనిమిది డిగ్రీల దగ్గర, మా బోరు అడుగున మొదట్లో 10, 11 ఉండొచ్చు. మీ లెక్కన పైన ఉన్న ఆ రెండు మూడు డిగ్రీలే భూమివి, కింద ఎనిమిది ఎండవి. మా ఇల్లు రెండిటి మీదా నడుస్తోందన్నమాట.

సైన్స్ టీచరమ్మ:
అందరికీ చేతులెత్తి దణ్ణం పెడుతున్నానండి. శనివారం పొద్దున్నే ఆరింటికి ఆ పిల్లాడి ఇంటికి పోయాం, ఎనిమిది మంది పిల్లలు, నేను, ల్యాబ్ థర్మామీటర్. గాలి 15 డిగ్రీలు. చేదతో నీళ్ళు తోడి కొలిస్తే 27. బకెట్ మీద పొగ నిజంగానే లేస్తోంది. నాయనమ్మ గారు మా అందరికీ చాయ్ ఇచ్చి, చిన్నప్పట్నుంచీ ఈ బావి చలికాలం కాగి ఎండాకాలం ఆరుతది అన్నారు. మధ్యాహ్నం రెండింటికి మళ్ళీ కొలిచాం, గాలి 29, నీళ్ళు 27. పిల్లలే అరిచారు, నీళ్ళు మారలేదు మేడం, గాలే మారింది అని. చల్లగా ఉండే నీళ్ళ సంగతి అడిగిన పిల్ల తన నోట్సులో తనే రాసుకుంది, ఎండాకాలం కూడా భూమి వేడి ఎటూ పోదు అని.

సోమవారం బోర్డు మీద రెండు వాక్యాలు రాశా, ఒక్కటి కుదరలేదు. "భూమి లోపలే పుట్టి, ఆ ఊరి నేల సగటు కంటే రాళ్ళనీ నీళ్ళనీ ఎక్కువ వేడెక్కించే వేడిని మనం పైకి తెచ్చి వాడుకుంటే అది భూగర్భ ఉష్ణశక్తి. నేల దాచుకున్న ఎండ వేడిని పంపుతో వాడుకున్నా చాలా దేశాలు అదే పేరుతో లెక్కేస్తాయి." పక్కన బ్రాకెట్లో పుస్తకంలో భూతాప శక్తి అని ఉంటుంది, పరీక్షలో ఆ పేరు రాయండి అని చెప్పా. తప్పులుంటే సరిదిద్దండి. మే నెలలో అదే బావి మళ్ళీ కొలుస్తాం, ఈలోపు గుండాల కూడా పోదామని పిల్లలు పట్టుబట్టారు.

పాత రిగ్గు మనిషి:
వాక్యాలు బాగున్నాయమ్మా, పైకి తెచ్చి అన్న మాట ఉంచినందుకు సంతోషం. గుండాల పోయినప్పుడు రెండు చోట్ల కొలిపించండి, ఇసుక గుంటలో ఒకటి, పక్కన పారే గోదావరిలో ఒకటి. గుంట తోడిన వెంటనే కాదు, నీళ్ళు తేరుకున్నాక కొలవాలి. థర్మామీటర్ బయటికి తీసి చూడొద్దు, నీళ్ళలో ఉండగానే వంగి చదవాలి, బయటికి తీస్తే గాలికి ఒకటి రెండు డిగ్రీలు పడిపోతుంది. బావి దగ్గర కూడా అంతే, చేద అడుగుదాకా దించి ఒక నిమిషం ఉంచి లాగండి. మేలో పై నీళ్ళు ఎండకి కాగి ఉంటాయి, అవి తోడితే లెక్క తప్పుతుంది.